మేఫ్లైల సేకరణకు వెళ్లే ముందు
మేఫ్లైలు నీటిలో పిల్లపురుగులుగా పెరిగి, రెక్కలొచ్చాక కొద్దికాలమే బతికే కీటకాలు. వానలు తగ్గి అరకు వాగులు తేటపడుతున్నాయి కనుక ఈ జాగ్రత్తలు.

• మసక రెక్కలతో దొరికిన ఉపప్రౌఢాన్ని (రెక్కలొచ్చినా ఇంకా పూర్తి ప్రౌఢం కాని దశ) వెంటనే ఆల్కహాల్‌లో వేయరాదు. అది మరొకసారి కుబుసం విడిచి, మెరిసే రెక్కల ప్రౌఢ మగపురుగుగా మారితేనే జననాంగాలను బట్టి జాతిని నిర్ధారించడం సులువు కనుక, గాలి ఆడే డబ్బాలో తడి ఆకుతో ఒక రాత్రి ఉంచాలి.

• పిల్లపురుగును పెంచి ప్రౌఢదశకు తెచ్చినట్లయితే, అది విడిచిన కుబుసాన్ని కూడా అదే సీసాలో ఉంచాలి; రెండు దశలూ ఒకే పురుగువని చూపే సాక్ష్యం అదే.

• పిల్లపురుగులను మెత్తని కుంచెతో తీయాలి, ఉదరపు మొప్పలు ఇట్టే రాలిపోతాయి.

• పిల్లపురుగుకు మూడు తోకలుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై (వాగుల్లోనే పెరిగే మరో కీటకం) అన్న లెక్కను నమ్మరాదు, ఎందుకంటే రెండు తోకల మేఫ్లైలూ ఉన్నాయి. పిల్లపురుగు కాలికి ఒకే గోరుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై కావచ్చు.

• సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తో రాయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరుగుతుంది.