ఓపెన్ సోర్స్ కోడ్ వాడుతున్నారా? లైసెన్సుల లెక్క ఇలా సరిచూసుకోండి

మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల ‘ఓపెన్ సోర్స్ లైసెన్సులు’ అనే పేజీ ఉంటుంది. ఎంత స్క్రోల్ చేసినా తరగదు, ఎవరూ చదవరు. అయినా అది ఊరికే పెట్టింది కాదు. ఎవరెవరి కోడ్ వాడారో, వాళ్ల షరతులేమిటో చెప్పాల్సిన బాధ్యత ఫోన్ తయారుచేసినవాళ్లది. మీరు చేస్తున్నది చిన్న యాప్ అయినా ఇదే బాధ్యత మీకూ ఉంటుంది.

ఎవరైనా చూసి వాడుకునేలా బయటపెట్టిన ఓపెన్ సోర్స్ కోడ్‌కి డబ్బు కట్టక్కర్లేదన్నది చాలావరకు నిజమే. షరతులు లేవనుకుంటేనే చిక్కు. కాపీరైట్ రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది, మనకు దక్కేది వాడుకునే అనుమతి. షరతు తప్పితే ఆ అనుమతీ పోవచ్చు.

ముందు జాబితా

వాడిన ప్రతి లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేరు, వెర్షన్, లైసెన్సు రాసుకోవాలి. “మేం వాడింది పన్నెండే కదా” అనిపిస్తుంది. లాక్ ఫైలు (ప్రాజెక్టులోకి వచ్చిన లైబ్రరీలన్నీ వెర్షన్లతో నమోదయ్యే ఫైలు) తెరిచి చూడండి, వందల్లో కనిపించినా ఆశ్చర్యం లేదు. ఒక్కో లైబ్రరీ తన వెంట ఇంకొన్నింటిని లాక్కొస్తుంది మరి. ఇది చేత్తో అయ్యే పని కాదు. పైథాన్‌కి పిప్-లైసెన్సెస్, నోడ్‌కి లైసెన్స్-చెకర్ అనే టూల్స్ ఉన్నాయి. సోర్స్ మొత్తాన్ని జల్లెడ పట్టాలంటే స్కాన్‌కోడ్, ఫాసాలజీ ఉన్నాయి. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన ఫంక్షన్లు, ఫాంట్లు, ఐకాన్లు మాత్రం ఈ టూల్స్ కంట పడకుండా జారిపోతుంటాయి. వాటిని మీరే గుర్తుచేసుకోవాలి. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు జవాబుల్లోని కోడ్‌కి కూడా లైసెన్సు ఉంటుంది.

తర్వాత లైసెన్సు చదవడం

ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘లైసెన్స్’ అనో ‘కాపీయింగ్’ అనో ఒక ఫైలు ఉంటుంది. అసలు ఏదీ లేకపోతే “ఇంకేం, మన ఇష్టం” అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి లైసెన్సు లేదంటే అనుమతి లేదని అర్థం. రాసినవాళ్లను అడగండి, లేదంటే వేరే లైబ్రరీ చూసుకోండి.

కొన్ని ప్రాజెక్టుల్లో ప్రతి సోర్స్ ఫైలు మొదట్లో ఎస్‌పీడీఎక్స్ (లైసెన్సు పేరును అందరూ ఒకేలా రాసే పద్ధతి) కామెంట్ లైన్ ఒకటి ఉంటుంది. జీపీఎల్ అంటే, ప్రోగ్రామ్ కాపీ ఎవరికైనా ఇస్తే దాని సోర్స్ (మనుషులు చదవగలిగే అసలు కోడ్) కూడా ఇవ్వాలనే లైసెన్సు. అందులో ‘జీపీఎల్-2.0-ఓన్లీ’ అని గానీ, ‘జీపీఎల్-2.0-ఆర్-లేటర్’ అని గానీ కనిపిస్తే చివరి మాట దగ్గర ఆగండి. అపాచీ 2.0 అనే మరో లైసెన్సు కింద ఉన్న కోడ్‌ని జీపీఎల్ మూడో వెర్షన్‌తో కలపొచ్చు గానీ, రెండో వెర్షన్‌తో కుదరదని జీపీఎల్‌ని రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. ‘ఆర్-లేటర్’ ఉంటే మూడో వెర్షన్ కింద వాడుకుని గట్టెక్కుతారు. ‘ఓన్లీ’ ఉంటే ఆ దారి లేదు.

ఎవరి చేతికి వెళ్తోంది?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. జీపీఎల్ కోడ్‌ని మీ సంస్థ లోపలే వాడుకుంటే సోర్స్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. బయటివాళ్ల చేతికి కాపీ వెళ్లినప్పుడే ఆ షరతు మొదలవుతుంది. కోడ్ సర్వర్‌లో ఉండి, జనం వెబ్‌సైట్‌గా మాత్రమే వాడుతుంటే సాధారణ జీపీఎల్ అడ్డురాదు. జీపీఎల్‌కి తోబుట్టువు లాంటి ఏజీపీఎల్ అలా కాదు: కోడ్ మార్చి నెట్‌వర్క్ మీద నడిపితే, వాడేవాళ్లకు సోర్స్ అందుబాటులో పెట్టాల్సిందే. ఇంకో మాట, బ్రౌజర్‌కి వెళ్లే జావాస్క్రిప్ట్ కూడా కాపీయే. దీన్ని చాలామంది మర్చిపోతారు.

షరతు తీర్చడం

ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులతో పెద్దగా టెన్షన్ లేదు. కాపీరైట్ లైన్‌నీ లైసెన్సు పాఠాన్నీ ఉన్నదున్నట్టు యాప్‌తో పాటు ఇవ్వాలి. అపాచీ అయితే ‘నోటీస్’ ఫైలు ఉంటే అదీ కలపాలి, మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి.

జీపీఎల్ దగ్గరే చేతులు కాలేది. అసలు ప్రాజెక్టు లింకు పెట్టేసి ఊరుకుంటే సరిపోదు. మీరు ఇచ్చిన బైనరీ (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) ఏ సోర్స్ నుంచి తయారైందో సరిగ్గా అదే, దాన్ని తయారుచేసే బిల్డ్ స్క్రిప్టులతో సహా ఇవ్వాలి. రెండో వెర్షన్‌లో “అడిగితే ఇస్తాం” అని రాతపూర్వకంగా చెప్పే వీలుంది, ఆ హామీ కనీసం మూడేళ్లు చెల్లాలి. అందుకే రిలీజ్ చేసిన రోజే సోర్స్ మొత్తాన్ని జిప్ చేసి పక్కన పెట్టండి. ఏడాది తర్వాత పాత వెర్షన్ సోర్స్ కోసం వెతుక్కోవడం నరకం.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. అప్పట్లో సిస్కో చేతిలో ఉన్న లింక్‌సిస్ బ్రాండ్ నెట్‌వర్క్ పరికరాల విషయంలో 2008లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కో మీద కేసు వేసింది. 2009లో రాజీ కుదిరింది. లైసెన్సుల అమలు చూసేందుకు లింక్‌సిస్‌లో ప్రత్యేకంగా ఒక డైరెక్టర్‌ని పెట్టడానికి సిస్కో ఒప్పుకుంది.

పొరపాటు బయటపడితే దాచకండి. జీపీఎల్ మూడో వెర్షన్‌లో, ఆ కాపీరైట్ యజమాని నుంచి తొలిసారి నోటీసు అందినప్పుడు 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అనుమతి తిరిగి నిలుస్తుంది. రెండో వెర్షన్ పాఠంలో ఈ వెసులుబాటు లేదు.

చివరగా, ఈ తనిఖీని బిల్డ్‌లోనే (కోడ్ నుంచి యాప్ తయారయ్యే దశలోనే) పెట్టేయండి. మీరు ఒప్పుకున్న లైసెన్సుల జాబితాలో లేనిది ఏదైనా వచ్చి చేరితే బిల్డ్ ఆగిపోవాలి. మొదటి వారం టీమంతా విసుక్కుంటుంది. అయినా ఆ సెట్టింగ్ తీసేయకండి.