కాగితపు మామిడాకుల తోరణం: ఆకులు రాలిపోతే, చుట్టుకుపోతే ఏం చూడాలి

ఉగాది ముందు వారం నర్సరీ, ఎల్‌కేజీ, ఒకటో తరగతి టీచర్లందరిదీ ఒకటే గోల. పిల్లలతో మామిడాకులు చేయించి క్లాసు గుమ్మానికి తోరణం కట్టామండీ, పొద్దున్నే వచ్చి చూస్తే సగం ఆకులు నేల మీద, మిగతా సగం చుట్టలు చుట్టుకుని ఉన్నాయి అంటారు. ఆకు కత్తిరించడం, దారానికి మడవడం మీకు వచ్చనుకుని, తేడా ఎక్కడ వస్తుందో అదొక్కటే చెప్తాను.

ఆకులు రాలిపోతున్నాయి

గమ్ ఆరలేదు. దాదాపు ఎప్పుడూ ఇదే కారణం, దాదాపు ఎవరూ చూడనిదీ ఇదే. ఒంటిపూట బడులు కదా, పదకొండింటికి అతికించి పన్నెండున్నరకి గంట కొట్టేలోపు కట్టేయాలని తొందర. వేలితో ముట్టుకుంటే పైన ఆరినట్టే ఉంటుంది, మడత లోపల మాత్రం పచ్చిగా ఉంటుంది. మడతలో పెసరగింజంత గమ్ చాలు, మడిచాక బట్టల క్లిప్పు పెట్టండి, తోరణం మర్నాడు కట్టండి. గమ్ బాటిల్ పిల్లల చేతికి ఇవ్వకండి బాబూ! సీసా మూతలో కాస్త పోసి, ఒక్కొక్కరికీ ఒక ఇయర్‌బడ్ ఇవ్వండి.

గ్లేజ్ పేపర్ అయితే ఇంకొకటి చూడండి. మెరిసే వైపు గమ్ సరిగా పట్టదు. ఆకు పైభాగాన్ని వెనక్కి మడిస్తే తెల్ల వైపూ తెల్ల వైపూ అతుక్కుంటాయి, పిల్లలేమో ముందుకి మడిచేస్తారు.

రాలకుండా దారం మధ్యకి జారి గుంపుగా చేరుతున్నాయంటే మీరు నైలాన్ దారం కట్టారు. పురికొస కట్టండి, అంతే.

ఆకులు చుట్టుకుపోతున్నాయి

ఇక్కడ నేను రెండేళ్లు మోసపోయాను. నేను చేసి చూపించిన ఆకు బోర్డు పక్కన వారం రోజులు చక్కగా ఉండేది. పిల్లలవి మాత్రం పోస్టర్ కలర్ ఆరేసరికి కొస నుంచి తొడిమ దాకా బీడీల్లా చుట్టుకునేవి (ఎల్‌కేజీ క్లాసులో ఆ పోలిక పైకి అనలేం అనుకోండి). మొదట పిల్లలు రంగులో నీళ్లు ఎక్కువ కలుపుతున్నారన్నాను. తర్వాత గమ్ మార్చాను. ఆ తర్వాత ఫ్యాన్ గాలికేమో అని అదీ ఆపించాను, మార్చి ఎండల్లో ముప్పై మంది చిన్నపిల్లలతో ఫ్యాన్ లేని గది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఏదీ పనిచేయలేదు. చివరికి రిజిస్టర్లు బైండింగ్ చేయించడానికి వెళ్తే, వాటి మధ్య ఇరుక్కుని వచ్చిన ఆకుని అక్కడి పెద్దాయన తీసి అటూ ఇటూ తిప్పి, "అడ్డంగా కోశారు మేడం, గ్రెయిన్ చూసుకోవద్దూ" అన్నారు.

గుడ్డకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే కాగితానికీ ఒక దిశ ఉంటుంది, గ్రెయిన్ అంటే అదే. మిషన్ మీద తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా కాగితం నడిచే దిశలోనే పడుకుంటుంది. తడి తగిలితే ఆ పీచు లావెక్కుతుంది గానీ పొడుగు పెద్దగా పెరగదు. ఒక్క వైపే రంగు వేసినప్పుడు ఆ వైపు ముందు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని కాగితాన్ని తనవైపు లాక్కుంటుంది. పీచు ఆకు పొడుగునా ఉంటే ఆకు దోనెలా కాస్త వంగుతుంది, నిజం మామిడాకూ కొంచెం అలాగే ఉంటుంది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది కూడా. అదే పీచు ఆకుకి అడ్డంగా ఉంటే కొస పైకి లేచి చుట్ట చుట్టుకుంటుంది.

మరి నాది ఎందుకు చుట్టుకోలేదంటారా? ఏ4 కాగితాల్లో చాలావాటికి పీచు పొడుగు వైపు ఉంటుంది. నేను పూర్తి కాగితం తీసుకుని నిలువునా కోసుకున్నాను. పిల్లలకి మాత్రం పొదుపని ఒక్కో కాగితాన్నీ సగం చేసి ఇచ్చాను. సగం చేసేసరికి పాత పొడుగు వైపు కాస్తా పొట్టి వైపు అయిపోతుంది, పీచు మాత్రం అటే ఉంటుంది. పిల్లలేమో పొడుగు ఎటుంటే అటే ఆకు గీస్తారు. ముప్పై మందీ తప్పు దిశలో కోశారు, అలా కోయించింది నేను.

కోసే ముందు ఒక పని చేయండి. ఆ కాగితంలోంచే 5 సెంటీమీటర్ల చదరం ముక్క తీసి, కాగితం పొడుగు వైపు ఆ ముక్కలో ఎటుందో గుర్తుపెట్టుకుని, తడి వేలితో ఒక వైపు రాసి బల్ల మీద పెట్టండి. కాసేపట్లోనే గొట్టంలా వంగుతుంది. ఆ గొట్టం ఎటు పొడుగ్గా పడుకుంటే పీచు అటు. కాగితం వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి, ఆకు పొడుగు ఆ బాణం వెంట వచ్చేలా గీయించండి.

సగం చేసిన ఏ4 ముక్క 21 సెంటీమీటర్ల పొడుగు, దాదాపు 15 వెడల్పు ఉంటుంది. పొట్టి వైపు గీస్తే 7 సెంటీమీటర్ల వెడల్పున మూడు ఆకులు వస్తాయి, పొడుగు వైపు గీస్తే అదే వెడల్పున రెండే. పొదుపు కావాలన్నా ఇదే దారి. చార్ట్ షీట్లని మాత్రం నమ్మకండి, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, కొన్న ప్రతిసారీ తడి ముక్కతో చూడాల్సిందే.

ఒక ఇబ్బంది ఉంది. ఇలా కోస్తే దారానికి వేసే మడత పీచుకి అడ్డంగా పడుతుంది. మామూలు కాగితంతో ఏం కాదు గానీ చార్ట్ అయితే మడత పగులుతుంది, లేదా మళ్లీ విచ్చుకుంటుంది. రీఫిల్ అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి మడత దగ్గర గట్టిగా ఒక గీత గీసి ఇవ్వండి. ఇది మీరే చేయండి, పిల్లలతో కాదు.

ఇప్పటికే చుట్టుకున్న వాటికి వెనక వైపు తడి గుడ్డతో తేలిగ్గా అద్ది, పాత పేపర్ల మధ్య పెట్టి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. చాలావరకు దారికొస్తాయి.

వేపపూతకి చీమలు పట్టాయి

వేపపూత కోసం మరమరాలు అతికించారు కదూ. పిల్లలకి సరదాగానే ఉంటుంది, సగం నోట్లోకీ వెళ్తాయి, అదీ గమ్‌తో సహా. పంచింగ్ మిషన్ పొట్టలో తెల్ల చుక్కలు కుప్పలుగా ఉంటాయి, వాటిని అతికించండి.

ఇక గోడ చెమ్మ, కాగితం నాణ్యత, గమ్ పాతదై పోవడం లాంటివి కూడా కారణాలవుతాయి గానీ నేను చూసింది తక్కువ. గమ్ సీసా అడుగున గడ్డకట్టిందా, పారేసి కొత్తది కొనుక్కోండి.