తేనెటీగల పెంపకందారుల సంఘం నడపడం: గోదావరి డెల్టాలో తరచూ వచ్చే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

సంఘం కుంటుపడగానే ముందు మనుషుల్ని తప్పుపడతాం. ఫలానా ఆయన రాడు, ఫలానా ఆయన డబ్బు కట్టడు అంటాం. దగ్గరగా చూస్తే చాలా తగాదాలకు మూలం రెండే: పూత క్యాలెండర్ చూసుకోకుండా పెట్టుకున్న పని, రాసిపెట్టుకోని లెక్క. ఈ రెండూ సరిచేస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే దారికొస్తారు.

సమావేశానికి ఎవరూ రావడం లేదు

కారణం ఎక్కువగా తేదీలోనే ఉంటుంది. "ప్రతి నెలా రెండో ఆదివారం" అని బైలాలో రాసేస్తారు. జులై, ఆగస్టుల్లో సార్వా నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పిళ్లు, జనవరి మధ్యలో పండగ, ఏప్రిల్‌లో దాళ్వా కోతలు. డెల్టాలో తేనెటీగలు పెంచేవాళ్లలో చాలామందికి వరి చేనో కొబ్బరి తోటో కూడా ఉంటుంది. పొలం పని వదులుకుని ఉపన్యాసం వినడానికి ఎవరొస్తారు?

ఏడాదికి నాలుగు సమావేశాలు చాలు, కానీ ప్రతిదానికీ ఈగల పని ఒకటి ముడిపెట్టండి. జూన్ మొదటి వారంలో వానాకాలం పంచదార కొనుగోలు, లంకల్లో పెట్టెలున్నవాళ్ల జాబితా. సెప్టెంబరు చివర పెట్టెల తనిఖీ, మైనపు షీట్లకు ఆర్డరు, కొత్త సభ్యుల చేరిక. జనవరి చివర తేనె తీసే మిషన్ వంతులు. మే నెలలో లెక్కలు, సర్వసభ్య సమావేశం.

ఏదో ఒక సభ్యుడి తోటలోనే ఉదయం 7 గంటలకు కలవండి. ముందు రెండు పెట్టెలు తెరిచి చూపించి, తర్వాత మాటలు. గోదావరికి రెండు గట్లా సభ్యులుంటే ఒకసారి అటు, ఒకసారి ఇటు పెట్టండి. ఎప్పుడూ ఒకే గట్టున పెడితే రెండో గట్టువాళ్లు నెమ్మదిగా జారిపోతారు. కోరం లేక వాయిదా పడితే మళ్లీ ఎన్ని రోజుల్లో, ఎంతమందితో జరపవచ్చో బైలాలో ముందే ఉండాలి.

చందా వసూలు కావడం లేదు

వానాకాలంలో అడుగుతున్నారేమో చూసుకోండి. అప్పుడు పెంపకందారుడి చేతిలో డబ్బు ఉండదు, పైగా ఈగలకు పంచదార ఖర్చు. తేనె అమ్మకం జరిగిన రోజే, కిలోకు ఇంత అని తీర్మానించుకున్న మొత్తాన్ని మినహాయించి రసీదు ఇవ్వండి. చిన్నవాడికి తక్కువ, పెద్దవాడికి ఎక్కువ పడుతుంది కాబట్టి పేచీ ఉండదు. నోటిమాట మినహాయింపు మాత్రం వద్దు, రసీదు పుస్తకంలో రాయాల్సిందే.

తేనె తీసే మిషన్ ఎప్పుడూ దొరకదు, దొరికితే పనిచేయదు

ఉమ్మడి వస్తువు కాబట్టి నిర్లక్ష్యం అనుకుంటాం. తరచుగా కారణాలు మూడు.

మొదటిది, ఫ్రేము సైజు. ఫ్రేమంటే పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం. దేశీ ఈగల పెట్టె ఫ్రేము చిన్నది, ఇటాలియన్ ఈగలకు వాడే లాంగ్‌స్ట్రాత్ రకం పెట్టె ఫ్రేము పెద్దది. ఒకదానికి కొన్న మిషన్ బుట్టలో రెండోది కుదరదు, లేదా వదులుగా ఊగి పట్టు చిరిగిపోతుంది. కొనేముందే సభ్యుల పెట్టెలు ఏ రకమో లెక్క తీసి, రెండు రకాలూ ఉంటే రెండు బుట్టలు ఇచ్చేవారి దగ్గరే కొనండి.

రెండోది, అందరికీ ఒకే వారంలో కావాలి. పూత ఒకేసారి ముగుస్తుంది కాబట్టి ఇది తప్పదు. జనవరి సమావేశంలోనే చీటీ వేసి, ఊరివారీగా వంతులు రాయండి. ఒక ఊరికి రెండు రోజులు, మధ్యలో ఒకరోజు కడగడానికి. వర్షం వస్తే వంతు తర్వాతి రోజుకు జరుగుతుందో, పోతుందో కూడా రాసుకోండి. అసలు గొడవలు అక్కడే మొదలవుతాయి.

మూడోది, కడిగే తీరు. వేడినీళ్లు పోయగానే లోపల అంటుకున్న మైనం కరిగి, గోడలకూ జల్లెడకూ పొరలా పట్టేస్తుంది. ముందు చల్లటి నీళ్లు పోసి తేనె పోగొట్టాలి, చేత్తో మైనం ఏరేయాలి, ఆ తర్వాతే గోరువెచ్చటి నీళ్లు, వాషింగ్ సోడా. తర్వాత మంచినీళ్లతో బాగా జాడించి బోర్లించి ఆరబెట్టాలి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తడి డ్రమ్ము మూతపెట్టి దాస్తే ఇనుప భాగాలకు వారంలో తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు డ్రమ్ముకు పెట్టిన ఖర్చు వృథా కాదు. ఇంకో సంగతి: సరిగ్గా కడగని మిషన్ ఒక తోటలోని పిల్లపురుగు జబ్బును ఇంకో తోటకు మోసుకెళ్తుంది. జబ్బు పెట్టెలున్న సభ్యుడి వంతు ఎప్పుడూ చివరే.

ఉమ్మడి డ్రమ్ములో తేనె పులిసింది

సంఘాన్ని చీల్చే సమస్య ఇదే. డ్రమ్ము మూత తీయగానే నురుగు, పుల్లటి వాసన. ఎవరి తేనె వల్ల అని అరుపులు.

తేనెలో తేమ 20 శాతం దాటితే మనం పాటించాల్సిన ఆహార ప్రమాణానికి అది పనికిరాదు, త్వరగా పులుస్తుంది కూడా. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఈగలు గదులకు మూత వేయకముందే తీసిన పచ్చి తేనె సులభంగా ఆ హద్దు దాటుతుంది. ఇంకొకటి, పలచటి తేనె చిక్కటి దాని మీద తేలుతుంది. కలపకుండా నిలవుంచితే పైపొర ముందు పులిసి, కిందిదాన్నీ పాడుచేస్తుంది.

పట్టులో నాలుగింట మూడొంతుల గదులకు మూత పడ్డాకే తీయాలని నియమం పెట్టండి. చినుకు పడే రోజున తీయొద్దు. తీసిన తేనెను రాత్రంతా మూతలేని పాత్రలో వదలొద్దు, గాలిలోని తేమను పీల్చేస్తుంది.

సంఘానికి తేనెలో తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఒకటి తప్పనిసరి. గాజు పలక మీద ఒక చుక్క వేసి, మూత దించి, అరనిమిషం ఆగి వెలుతురు వైపు పట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈ పరికరానికి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. తనంతట తాను సర్దుకునే రకమైనా సాధారణంగా 30 డిగ్రీల వరకే సర్దుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం షెడ్డులో కొలిస్తే ఉన్నదానికంటే తేమ ఎక్కువ చూపిస్తుంది, మంచి తేనె తిరస్కరణకు గురవుతుంది. ఉదయమే, నీడలో కొలవండి. తేనె, పరికరం రెండూ కాసేపు ఒకేచోట ఉండి ఒకే వేడికి రావాలి. కొలత మొదలుపెట్టే ముందు దానితో వచ్చిన పరీక్ష ద్రవంతో అంకె సరిచేసుకోండి.

తేమ ఎక్కువున్న క్యాన్‌ను తక్కువదానితో కలిపి సరాసరి చేద్దామనే మాట వినొద్దు. 22 శాతం తేనె, 18 శాతం తేనె సగం సగం కలిస్తే లెక్కకు 20 వస్తుంది కానీ, పులియబెట్టే ఈస్టు కూడా మొత్తం డ్రమ్ముకూ చేరుతుంది. అలాంటిది వెనక్కి ఇచ్చేయండి, ఇంట్లో త్వరగా వాడుకుంటారు.

ప్రతి క్యాన్ మీదా పేరు, ఊరు, తీసిన తేదీ, తేమ శాతం, ఏ పూత అనేవి రాయండి. 200 గ్రాముల నమూనా చిన్న సీసాలో తీసి, సభ్యుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసిన చీటీ అంటించి, కొన్నవాడి దగ్గర డబ్బు పూర్తిగా వచ్చేదాకా దాచండి. పరీక్షలో తేడా వచ్చిందని కబురొస్తే ఆ సీసాలే జవాబు. చెరకు పంచదార ఆనవాళ్లు ప్రయోగశాలలో దొరుకుతాయి. పెట్టె మీద తేనె కోసం పై అర (తేనె గది) పెట్టడానికి మూడు వారాల ముందే పంచదార నీళ్లు ఆపాలి.

కొలతలోనూ తగాదా పుడుతుంది. లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. సభ్యుడు లీటర్లలో చెప్పి, కొనేవాడు కిలోల్లో డబ్బిస్తే ఇద్దరిలో ఒకరికి మోసపోయాననే అనిపిస్తుంది. ఖాళీ క్యాన్ బరువు ముందు రాసుకుని, అన్నీ కిలోల్లోనే.

కొత్త సభ్యులు ఏడాది తిరక్కుండానే ఖాళీ పెట్టెలతో మిగులుతున్నారు

సబ్సిడీ పెట్టెలు వచ్చిన ఊళ్లలో ఇది ఎక్కువ. వర్షాకాలం ముందు పెట్టెలు ఇచ్చేస్తారు. కోనసీమ కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కాబట్టి తిండికి లోటుండదనుకుంటారు. కొబ్బరి పుప్పొడి బాగా ఇస్తుంది, నిజమే. కానీ వానల్లో ఈగలు బయటికి వెళ్లలేవు, వెళ్లినా మకరందం వానకు కొట్టుకుపోయి ఉంటుంది. ఆకలికి ఇటాలియన్ ఈగలు చస్తాయి, దేశీ ఈగలు పెట్టె వదిలి లేచిపోతాయి.

కొత్తవాళ్లకు పెట్టెలు వర్షాలు తగ్గాకే ఇప్పించండి. తీసుకునే రోజున ప్రతి పెట్టె తెరిచి గుడ్లు, పురుగు, మూతపడ్డ పిల్ల మూడూ ఉన్నాయా, రాణి ఉందా అని చూసి, ఫ్రేముల సంఖ్యతో సహా రాసి సంతకం తీసుకోండి. మొదటి ఏడాది ఒక్కొక్కరికీ ఒక పాతవారిని జత చేయండి. ఆయన ఫోన్‌లో సలహాలివ్వడం కాదు, నెలకోసారి వచ్చి పెట్టె తెరవాలి.

వాన రోజుల్లో కిలో పంచదారకు లీటరు నీళ్ల పాకం, ఇటాలియన్ పెట్టెకు వారానికి అర కిలో పంచదార, దేశీ పెట్టెకు పావు కిలో చొప్పున సరిపెట్టవచ్చు. సభ్యులందరికీ కలిపి వంద ఇటాలియన్ పెట్టెలుంటే పది వారాలకు 500 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు పది. టోకున ఒకేసారి కొంటే మిగిలేదే చందా అంత ఉంటుంది. పాకం పొద్దుగూకాక, పెట్టె లోపలే పెట్టాలి. ద్వారం ఒక ఈగ పట్టేంతకు తగ్గించాలి. పగలు పెట్టినా, కింద ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగి బలహీనమైనదాన్ని చంపేస్తాయి.

ఇటాలియన్ పెట్టెల్లో ఈగలను పట్టి పీడించే వరోవా నల్లి గురించి ఒక్క మాట. పిల్ల ఫ్రేముల నుంచి, రాణి లేకుండా చూసుకుని, అర కప్పు ఈగలు, అంటే సుమారు మూడు వందలు, జాలి మూత ఉన్న సీసాలోకి తీసుకుని, రెండు చెంచాల పొడి పంచదార వేసి దొర్లించి, కాసేపు ఆగి, తెల్ల పళ్లెం మీద దులపండి. తొమ్మిది నల్లులు దాటితే మందు వేయాల్సిందే. మందు, మోతాదు వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలనో దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగి నిర్ణయించండి. చుట్టుపక్కల అందరూ ఒకే వారంలో వేయాలి. ఒక్కరు మానేస్తే ఆయన పెట్టెల నుంచి నల్లి మళ్లీ అందరికీ వస్తుంది. సంఘం చేయగలిగి, ఒంటరి పెంపకందారుడు చేయలేని పని ఇది.

పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పలుగా, నాలుక బయటపెట్టి

పురుగుమందు. వరికి మకరందం లేకపోయినా పూత సమయంలో ఉదయం పూట ఈగలు పుప్పొడికి వెళ్తాయి. దోమపోటుకు అదే వేళ మందు కొడితే ఆ రోజు బయటికి వెళ్లినవి తిరిగి రావు.

రైతుతో గొడవ పడితే వచ్చే ఏడాది మీ పెట్టెలకు ఆ ఊళ్లో చోటుండదు. రైతు సేవా కేంద్రంలోని గ్రామ వ్యవసాయ సహాయకుణ్ని, డ్రోన్‌తో మందు కొట్టే కుర్రాళ్లను ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చి, ముందురోజు సాయంత్రానికి కబురు వచ్చేలా చూడండి. పిచికారీ సాయంత్రం 4 గంటల తర్వాత పెట్టుకోమనండి. తప్పదంటే ముందురాత్రి ద్వారాలకు జాలి కట్టి, పైమూత కింద గాలి ఆడేలా ఉంచి, నీడలో తడి గోనె కప్పండి. ఎండాకాలంలో జాలి కట్టిన పెట్టెను ఒక పూట మించి మూసి ఉంచొద్దు. ఈగలు ఉక్కకే చస్తాయి.

లంకల్లో పెట్టెలు వరదకు పోతున్నాయి

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోదాకా ఆగితే పడవలు మనుషులకూ పశువులకూ సరిపోవు. మొదటి హెచ్చరిక రాగానే పెట్టెలు కదలాలని తీర్మానం చేసి, ఎవరి పెట్టెలు ఎవరి పడవలో, ఏ గట్టున ఎవరి తోటలోకి అన్నది జూన్‌లోనే రాయండి.

చీకటి పడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక జాలి బిగించి, తాడుతో పెట్టెనూ అడుగు పలకనూ కలిపి కట్టాలి. లంక నుంచి గట్టు అర కిలోమీటరే అయితే ఇంకో చిక్కుంది. మర్నాడు తెరవగానే ఈగలు పాత చోటికే ఎగిరిపోతాయి, అక్కడ నీళ్లే ఉంటాయి. మూడు కిలోమీటర్లు దాటించడం మేలు. కుదరకపోతే ఒకరోజు మూసి ఉంచి, ద్వారానికి అడ్డంగా ఆకులున్న కొమ్మ పెట్టి తెరవండి. ఈగలు చోటు మారిందని గుర్తించి కొత్తగా చుట్టూ తిరిగి చూసుకుంటాయి.

కమిటీ మారింది, బ్యాంకు ఖాతా ఆగింది

2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురితో సంఘం పెట్టుకోవచ్చు. సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇది మరిచిపోతే కొత్త అధ్యక్షుడి సంతకాన్ని బ్యాంకు ఒప్పుకోదు. తీర్మానం నకలు, జాబితా అందినట్టు రసీదు, పాత సంతకందారుల లేఖ, మూడూ ఒకే ఫైలులో పెట్టండి. ఖాతాకు ఎప్పుడూ ఇద్దరి సంతకం.

ఈ చట్టం కింద పెట్టిన సంఘం లాభం పంచుకోకూడదు. తేనె కొని అమ్మి మిగులు సభ్యులకు పంచాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద విడిగా నమోదు చేసుకోవాలి. దానికి వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉండాలి.

"మా అపార్ట్‌మెంట్‌కి తేనెపట్టు పట్టింది, వచ్చి తీయండి" అని ఫోన్లు

అది సాధారణంగా పెద్ద తేనెటీగ, పెట్టెలో ఉండదు. ఎవరినో ఒకరిని పంపేస్తే ప్రమాదం. తర్ఫీదు ఉన్న ఇద్దరి పేర్లు మాత్రమే ఇవ్వండి, వాళ్లు కూడా ఒంటరిగా వెళ్లకూడదు. పూత అయ్యాక అవి సాధారణంగా వాటంతట అవే వెళ్లిపోతాయని, నిప్పు పెట్టొద్దని, రాళ్లు విసరొద్దని ఫోన్‌లోనే చెప్పాలి. ఎవరికైనా కుట్టాక ముఖం, నాలుక వాచినా, ఊపిరి బిగుసుకున్నా పసుపు, సున్నం రాస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయించండి.