దిగుడులో పోయే నిమిషాలు: విశాఖ కొండల్లో ట్రెయిల్ పరుగు సాధన

బీచ్ రోడ్డు మీద పది కిలోమీటర్లు గంటలోపు కొట్టేవాళ్లు కూడా కంబాలకొండ ట్రెయిల్‌లోకి, అంటే అడవిలోని మట్టిదారిలోకి రాగానే డీలా పడిపోతారు. దమ్ము చాలలేదనుకుంటారు. నిజానికి టైమ్ పోయేది రెండు చోట్ల: ఎక్కుడు మొదట్లోనే మరీ గట్టిగా కొట్టడం, దిగుడులో అడుగడుగునా బ్రేకు వేయడం.

ముందుగా రెండు నెలలపాటు వారానికి 25 కిలోమీటర్లు నొప్పుల్లేకుండా పరిగెత్తి ఉండాలి. ఆ తర్వాత నాలుగు రోజుల పరుగు చాలు: మంగళవారం కొండ, గురువారం 45 నిమిషాలు, శనివారం అరగంట, ఆదివారం గంటన్నర. కొండ రోజు తప్ప మిగతావన్నీ తేలిక పరుగులే. తేలిక అంటే పక్కవాళ్లతో వాక్యం తెగకుండా మాట్లాడగలగాలి. ఎవరైనా దాటిపోతే ఊరుకోలేకపోవడం మనవాళ్లలో చాలామందికున్న జబ్బు. అలా గురువారం పందెం పెట్టుకున్నవాళ్లకి మంగళవారం కాళ్లు లేవవు. ప్రతి నాలుగో వారం మొత్తంలో మూడో వంతు తగ్గించండి.

ఎక్కుడుకి కైలాసగిరి ఘాట్ రోడ్డు బాగుంటుంది. కొండ మరీ ఎత్తేం కాదు కాబట్టి ఒక్కసారి ఎక్కితే సాధన అయిపోదు, ఒకే ముక్కని మళ్లీ మళ్లీ ఎక్కాలి. కింద 15 నిమిషాలు మెల్లగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కించుకోండి. తర్వాత 90 సెకన్లు ఎక్కడం, నడుస్తూ దిగడం. మొదటి వారం ఐదుసార్లు, వారానికొకటి పెంచుతూ ఎనిమిది దాకా. మొదటిసారి ఎంత దూరం వెళ్లారో అక్కడో కరెంటు స్తంభం గుర్తు పెట్టుకోండి. చివరిసారి కూడా అక్కడికే చేరాలి. మూడోసారికే అందలేదంటే మొదటిది ఎక్కువ కొట్టేశారన్నమాట. ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.

బాగా నిటారుగా ఉన్నచోట తొడల మీద చేతులు ఆనించి చకచకా నడవడమే లాభం. పరుగుకీ నడకకీ అక్కడ వేగంలో పెద్ద తేడా ఉండదు, ఊపిరి మాత్రం మిగులుతుంది. సింహాచలం మెట్లు ఇందుకు బాగా పనికొస్తాయి గానీ అది భక్తుల దారి. రద్దీ రోజుల్లో ఆ వైపు వెళ్లొద్దు.

ఇక దిగుడు. ఇక్కడి కొండలు ఎక్కువగా ఖొండలైటు రాయి. ఆ రాయి ఎండకీ వానకీ చివికి ఎర్రటి గరుకు మట్టిగా, చిన్న చిన్న పలుకులుగా దారంతా పరుచుకుంటుంది. దాని మీద కాలు ముందుకి చాచి మడమ ఆనిస్తే గోళీల మీద అడుగేసినట్టే, సర్రున జారుతుంది. భయంతో ఒళ్లు వెనక్కి వాలుస్తారు, అప్పుడు ఇంకా జారుతుంది. చేయాల్సింది దీనికి తిరగేసి: నడుం నుంచి కాకుండా చీలమండల నుంచి కాస్త ముందుకి వాలండి, అడుగులు పొట్టిగా, గబగబా పడాలి, పాదం ఒంటి కిందే ఆనాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి, చేతులు రెక్కల్లా వెడల్పుగా. చూపు కాళ్ల మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు.

మొదటి మూడు వారాలు తొట్లకొండ తారురోడ్డు వాలులో 30 సెకన్ల చొప్పున నాలుగుసార్లు దిగండి, అదీ పది రోజులకోసారి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపుతుంది కాబట్టి నొప్పి అప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. అది తగ్గాకే మళ్లీ దిగుడు. మోకాలిచిప్ప కింద పోటు మాత్రం వేరు సంగతి, వారం పాటు వాలు జోలికి పోవద్దు. బుధ, శుక్రవారాల్లో ఇంట్లో మెట్టు మీద నిలబడి ఒంటికాలితో మెల్లగా, మూడు దాకా లెక్కపెడుతూ కిందికి దిగడం కాలికి పన్నెండేసి చొప్పున మూడు విడతలు చేస్తే మోకాలు నిలబడుతుంది.

మన ఊళ్లో తెల్లవారుజామున చల్లగా ఉన్నా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. పరుగుకి ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు, మధ్యలో తాగింది అదనం. గంట దాటే పరుగుకి అర లీటరు నీళ్లు, చిటికెడు ఉప్పు వెంట ఉండాలి. వచ్చాక ఉప్పేసిన చోడి (రాగి) అంబలి, మజ్జిగ చాలు.

కంబాలకొండ అభయారణ్యం కాబట్టి అటవీశాఖ గేటు దగ్గర వేళలు కనుక్కుని, జతగా వెళ్లండి. చిరుతలున్న అడవి అది. చీకట్లో తుప్పల పక్కన పరుగు వద్దు, రక్తపింజర కదలకుండా పడుకుని ఉంటుంది. బూటు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దిగుడుకి ముందు లేసులు చీలమండ దగ్గర బిగించకపోతే పాదం ముందుకి జారి గోళ్లు నల్లబడతాయి.