చిన్న రేవులో ఒడ్డు కరెంటు: మొదటి ప్లగ్ టగ్గుకే

రేవులో కట్టేసిన ఓడ తన జనరేటర్ ఆపి, ఒడ్డు నుంచి కేబుల్‌తో తీసుకునేదే ఒడ్డు కరెంటు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే పెద్ద ఓడ కోసం దానికి 6.6 కిలోవోల్టుల ఏర్పాటు కడితే, అది వాడకం లేక తుప్పు పడుతుంది. పెద్ద ఓడల్ని లాగే టగ్గులు, వాటికి దారి చూపే పైలట్లను తీసుకెళ్లే బోట్లు రోజూ అదే బెర్త్‌కి (కట్టేసే చోటుకి) తిరిగొస్తాయి. లైట్లకీ ఏసీలకీ రాత్రంతా జనరేటర్ ఆడుతూనే ఉంటుంది, ఆ పొగా రొదా పక్కనున్న ఇళ్లలోకే పోతాయి. చిన్న రేవు వీటితో మొదలుపెట్టడమే మేలు.

ముందు కొలవండి. జనరేటర్ ప్లేటు మీది కిలోవాట్లన్నీ కూడితే అక్కర్లేనంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తేలుతుంది. ప్రతి బోటు స్విచ్‌బోర్డుకీ లాగర్ (వాడకాన్ని నమోదు చేసే పరికరం) తగిలించి, 15 నిమిషాలకోసారి రీడింగ్ పడేలా రెండు వారాలు ఉంచండి. లాగర్ లేకపోతే డీజిల్ లెక్క చూడండి: చిన్న జనరేటర్ లీటరుకి సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. 12 గంటల్లో 60 లీటర్లు తాగితే 180 యూనిట్లు, అంటే సగటున 15 కిలోవాట్లు. కంప్రెసర్ అందుకునే క్షణంలో లాగే కరెంటు ఈ సగటులో కనపడదు, దానికి విడిగా జాగా ఉంచాలి.

400 వోల్టుల త్రీఫేజ్ 63 ఆంపియర్ల సాకెట్ 43 కేవీఏ (సుమారుగా కిలోవాట్ల లాంటి కొలతే) దాకా ఇస్తుంది. 150 మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే నిండు లోడులో 5 శాతానికి పైగా వోల్టేజీ పడిపోతుంది. 25 వేయండి, 4 శాతం లోపు ఉంటుంది.

ఎక్కువ నష్టం జరిగేది రెండు చోట్ల. ఒకటి ఫ్రీక్వెన్సీ: 60 హెర్ట్జ్, 440 వోల్టుల మోటారుకి అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్ ఇస్తే వేగం ఆరో వంతు తగ్గుతుంది, ఇనుప కోర్ సంతృప్తమై వైండింగ్ వేడెక్కుతుంది. ఆ బోటుకి ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టర్ తప్పదు. రెండోది ఎర్త్. ఒకే ఎర్త్ తీగకి కట్టిన రెండు బోట్లు ఉప్పునీటిలో బ్యాటరీలా మారి, ఒకదాని అడుగు లోహాన్ని తినేస్తాయి. బోటుకో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఒడ్డు తీగకీ బోటుకీ నేరుగా కలయిక లేకుండా కరెంటు ఇచ్చేది) పెట్టండి. ఖర్చు తగ్గించాలని అందరికీ ఒకటే పెట్టడం ఇక్కడ పనికిరాదు.

కలిపే వరుస: సాకెట్ బ్రేకర్ ఆపి ఉండగా ప్లగ్ పెట్టండి, తర్వాత బ్రేకర్ వేసి ఫేజ్ వరుస (మూడు ఫేజులు వచ్చే క్రమం) చూడండి. తారుమారైతే పంపులు వెనక్కి తిరుగుతాయి. సరిగా ఉంటే జనరేటర్ బ్రేకర్ తీసి, ఒడ్డు బ్రేకర్ వేయండి. రెండూ ఒకేసారి పడకుండా అడ్డుకునే ఇంటర్‌లాక్ ఉండాలి. పెద్ద మోటార్లను ఒక్కొక్కటిగా నడపండి. ఆటుపోట్ల ఎత్తుకి సరిపడా కేబుల్ వదులుగా ఉంచండి.

సాకెట్‌కో మోడ్‌బస్ (రీడింగుల్ని కంప్యూటర్‌కి పంపే పద్ధతి) మీటర్ పెట్టి, నెట్ పోయినా రీడింగులు దాచుకునే చిన్న కంప్యూటర్‌కి కలపండి. మీటర్ల నెట్‌వర్క్ ఆఫీసు నెట్‌వర్క్‌తో కలవకూడదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మొదటి రోజే మార్చాలి. సాయంత్రం ఊళ్లో వాడకం ఎక్కువ. బ్యాటరీ బోట్ల చార్జింగ్‌ని ఆ గంటలు దాటేదాకా ఆపే టైమర్ ఈ కంప్యూటర్‌లోనే పెట్టవచ్చు.

కట్టేసిన బోటు నుంచి ఏఐఎస్ (బోటు ఎక్కడుందో రేడియోలో చెప్పే పరికరం) సందేశం మామూలుగా 3 నిమిషాలకోసారి వస్తుంది. దాన్ని మీటరుతో పోల్చండి. బోటు బెర్త్‌లో ఉండీ యూనిట్లు పడలేదంటే, సిబ్బందిని తప్పుపట్టే ముందు కేబుల్ ఎత్తి చూడండి. అయిదు కోర్ల 25 చదరపు మిల్లీమీటర్ల రబ్బరు కేబుల్ మీటరుకి రెండు కిలోలకు పైనే తూగుతుంది. అర్ధరాత్రి తడి జెట్టీ మీద 20 మీటర్లు ఎవరూ లాగరు. చిన్న చేతి క్రేన్ ఒకటి బిగించండి.