జట్టంతా ఒకే హీలింగ్ పరికరం మోస్తుంటే: సమస్య - పరిష్కారం

లక్షణం

జట్లుగా ఆడే షూటింగ్ వీడియోగేమ్ ఒకటి తయారుచేశారు. అందులో సపోర్ట్ స్లాట్‌లో (సహాయక పరికరానికి కేటాయించిన చోట) ఎన్ని రకాలు పెట్టినా దాదాపు ప్రతి ఆటగాడూ గాయాలు మాన్పే హీలింగ్ పరికరాన్నే ఎంచుకుంటున్నాడు. ఎదురుకాల్పులు తెగకుండా సాగుతున్నాయి, గురి తప్పకుండా కొట్టినవాడికీ కిల్ దక్కడం లేదు. ఇది కనబడగానే హీలింగ్ విలువకు కోత పెట్టి ప్యాచ్ (ఆటను సరిదిద్దే అప్‌డేట్) విడుదల చేసేయడం చాలామందికి అలవాటైపోయింది.

ముందు చూడవలసింది

వాడకం శాతం ఒక్కటే పరికరం బలాన్ని చెప్పదు. పక్కనున్న పరికరాలు పనికిరానివైనా, కొత్త ఖాతాలకు ఇదే డిఫాల్ట్‌గా అమర్చి ఉన్నా, ఆ వారం ఛాలెంజ్ దీనితోనే పూర్తయ్యేలా ఉన్నా వాడకం పెరుగుతుంది. ఏదైనా గ్రెనేడ్ మితిమీరిన బలంతో ఉండి, దానికి విరుగుడుగా దీన్ని మోస్తున్నట్లయితే కోత పడవలసింది గ్రెనేడ్‌కే.

కాబట్టి వాడకం శాతం పక్కన గెలుపు శాతాన్ని పెట్టి చూడాలి. రెయిన్‌బో సిక్స్ సీజ్ అనే షూటింగ్ ఆట డిజైనర్లు ఆపరేటర్లలో (ఆటగాళ్లు ఎంచుకునే యోధులలో) చేసిన మార్పులను వివరించేటప్పుడు ఈ రెండు రకాల కొలతలనూ ఒకే పటంలో చూపించడం తెలిసిందే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. రెండు జట్లూ అదే పరికరాన్ని సమానంగా మోస్తే ఒకరి గెలుపు మరొకరి ఓటమి అవుతుంది గనుక, అది ఎంత బలమైనదైనా గెలుపు శాతం 50 దగ్గరే నిలుస్తుంది. ఆ అంకెను చూసి అంతా బాగుందని సంతకం పెట్టేస్తారు. జట్ల మధ్య పరికరాల సంఖ్యలో తేడా ఉన్న మ్యాచ్‌లనే వేరుచేసి, జట్టులో ఒకటి, రెండు, మూడు ఉన్నప్పుడు ఫలితం ఎలా మారుతోందో పట్టిక వేయాలి. కలిసికట్టుగా ఆడే స్నేహితుల జట్లు ఎలాగూ ఎక్కువ గెలుస్తాయి కాబట్టి, వాటిని వాటితోనే పోల్చాలి.

అసలు దొంగ: వంతులవారీ వాడకం

ఒకటి ఉన్న జట్టుకు లాభం స్వల్పంగా ఉండి, మూడు ఉన్న జట్టుకు ఒక్కసారిగా పెరిగితే, తప్పు పరికరం బలంలో లేదు, రెండు వాడకాల మధ్య విరామం మాయమవడంలో ఉంది. ఒక ఊహా లెక్క చూడండి. పరికరం 10 సెకన్లు పనిచేస్తుంది, పెట్టిన క్షణం నుంచి 30 సెకన్ల కూల్‌డౌన్ (మళ్లీ పెట్టడానికి ఆగవలసిన సమయం) ఉంటుంది. ఒంటరి ఆటగాడికి మూడో వంతు సమయమే రక్షణ దొరుకుతుంది. అదే ముగ్గురు ఒకరి తరువాత ఒకరు పెడితే హీలింగ్ ఒక్క సెకను కూడా ఆగదు. ఒకరితో ఒకరిని పోరాడించి చేసే పరీక్షలలో ఇది ఎన్నటికీ బయటపడదు.

ఇక్కడ హీలింగ్ విలువను తగ్గిస్తే విరామం తిరిగి రాదు. కూల్‌డౌన్‌ను 40కి పెంచితే ముగ్గురి జట్టుకు ఇంకా 75 శాతం సమయం రక్షణ ఉంటుంది, ఒంటరివాడు మాత్రం 33 నుంచి 25కు పడిపోతాడు. అంటే ఏ తప్పూ చేయనివాడికే శిక్ష పడుతుంది.

నేను సూచించే మార్గం వేరు: ఒక పరికరం ప్రభావం ముగిశాక ఆ ఆటగాడికి 15 సెకన్లపాటు అదే రకం ప్రభావం, ఎవరు పెట్టినదైనా సరే, అందకూడదు. అప్పుడు ఎందరు మోసినా 25 సెకన్లలో 10 మాత్రమే, అంటే 40 శాతం, దక్కుతుంది. ఒంటరివాడి 33 శాతం చెక్కుచెదరదు. ఈ నిషేధం తెరమీద గుర్తుగా కనిపించి తీరాలి, లేకుంటే సహచరులు పరికరాలను వృథా చేసి ఆటనే తిట్టుకుంటారు. జట్టుకు ఒకటే అన్న పరిమితి ఇంకా సులువు, కానీ అపరిచితులతో ఆడేచోట దాన్ని ఎవరు తీసుకోవాలన్న గొడవ మొదలవుతుంది. ఓవర్‌వాచ్ ఆటలో ముగ్గురు ట్యాంకులు (దెబ్బలు కాచేవారు), ముగ్గురు సపోర్ట్‌లతో (నయం చేసేవారు) రాజ్యమేలిన గోట్స్ అనే జట్టు కూర్పు, అందులోని బ్రిగిట్ అనే సపోర్ట్ బలాన్ని పదేపదే తగ్గించినా పోలేదు. 2019లో ఒక్కో పాత్రకు ఇద్దరే అన్న నియమం వచ్చాకే పోయింది.

మిగిలిన కారణాలు

ప్రభావం రెండుసార్లు లెక్కపడే బగ్, సర్వర్ జాప్యం వంటివి అరుదు. లాగ్‌లు (సర్వర్ నమోదులు) ఒకసారి తిరగేస్తే తేలిపోతాయి.

ప్యాచ్ తరువాత

ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే చేసి, అదే పట్టికను మళ్లీ వేయాలి. మూడు పరికరాల వరుస, ఒక పరికరం వరుస దగ్గరికి వచ్చాక కూడా వాడకం ఎక్కువగానే ఉంటే పరికరాన్ని ఇక ముట్టుకోవద్దు; పక్కనున్న పరికరాల వంతు వచ్చినట్లే.