బొమ్మలున్న పాత అమెరికన్ గాజు ఫ్లాస్కులను ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో 1815 ప్రాంతం నుంచి 1870 వరకు ప్రధానంగా విస్కీ కోసం అచ్చులో ఊది తయారుచేసిన, బొమ్మలున్న ఫ్లాస్కులను (చదునైన చిన్న సీసాలను) సేకరించదలచినవారు ముందుగా సీసాను తిరగేసి దాని అడుగును చూడాలి. తయారీలో సీసాను పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచి తీసినచోట మిగిలే గరుకు మచ్చ సాధారణంగా 1860కి ముందు కాలాన్ని సూచిస్తుంది. అయితే ఇరవయ్యో శతాబ్దపు నకళ్ళలో కొన్నింటికి ఈ మచ్చ కూడా ఉంటుంది కనుక, అడుగు అంచున వాడకం వల్ల అడ్డదిడ్డంగా పడిన సన్నని గీతలను భూతద్దంతో పరిశీలించాలి. అన్నీ ఒకే దిక్కుకు సాగితే అనుమానించడమే మేలు.

ధరను ఎక్కువగా నిర్ణయించేది రంగు. నీలి ఛాయ గల లేత ఆకుపచ్చ విరివిగా దొరుకుతుంది. అదే అచ్చులో ముదురు నీలం కనిపిస్తే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ ఫ్లాస్కులను చిత్రాన్ని బట్టి తరగతులుగా విభజించి సంఖ్యలిచ్చే మెకీరిన్ వర్గీకరణలో మొదటి తరగతి వాషింగ్టన్ వంటివారి ముఖచిత్రాలకు, రెండోది గద్దలకు చెందుతాయి కాబట్టి, అమ్మకందారు చెప్పిన సంఖ్యను చిత్రంతో సరిచూసుకోవాలి. 1824–25లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ జరిపిన అమెరికా పర్యటనను గుర్తుచేసే ఫ్లాస్కులపై నాకు ప్రత్యేకమైన మక్కువ ఉన్నా, మూతి చిట్లినదాన్ని మాత్రం పూర్తి ధరకు కొనవద్దంటాను.